రెండుతో మొదలైన లెక్క

శ్యామ్ బాబుకి బన్నీ అంటే కడుపుమంట. దాచుకునే రకం కూడా కాదు. బన్నీ మేనత్త కొడుకు, రెండేళ్లు చిన్న, కాకినాడలో ఎమ్మే చదువుతున్నాడు. వాడి చొక్కా ఇస్త్రీ నలగదు. శ్యామ్ బాబు డిగ్రీ మధ్యలో మానేసి, రాజోలులో కొబ్బరికాయలు లెక్కపెట్టి లారీకెక్కిస్తున్నాడు.

అన్నీ ఓర్చుకున్నాడు గానీ, తాత జీవరత్నం జ్ఞాపకార్థ కూడికలో తాత కవిత చదివే పని బన్నీకి అప్పగిస్తే ఓర్చుకోలేకపోయాడు. తాత డెబ్బై ఒకటి యుద్ధంలో సిపాయి. దాని మీద కట్టిన ఒకే ఒక్క కవితని ఆయన చెబుతుంటే నోటుబుక్కులో రాసింది శ్యామ్ బాబే.

కూడిక రోజు పొద్దున్నే బన్నీ ఆ బుక్కు పట్టుకుని కొబ్బరి రాశి దగ్గరికొచ్చాడు.

"బావా, 'రెండు, మూడు, నాలుగు, మడుగులో మావాళ్లు' అని మొదలైందేంటి? ఒకటేదీ? రాయడం మర్చిపోయేవా?"

శ్యామ్ బాబు చేతిలో కాయ ఆగింది. కాయలు లెక్కపెట్టేవాడు 'ఒకటి' అనడు. మంచి జరగాలని 'లాభం' అంటాడు, ఆ తర్వాతే రెండు. పటాలానికి వెళ్లకముందు తాతదీ ఇదే పని. యుద్ధంలో శవాల్ని లెక్కపెట్టమన్నప్పుడు మొదటిది స్నేహితుడిది. 'లాభం' అనడానికి నోరు రాక రెండు నుంచి మొదలెట్టాడు.

నిరుడు, తనతోపాటే కాలేజీ మానేసిన జోజి కాయలు దింపుతూ చెట్టు మీంచి పడి చనిపోయాడు. మర్నాడు రాశి దగ్గర శ్యామ్ బాబుకీ 'లాభం' అనడానికి అలాగే నోరు రాలేదు. ఆ వారమే తాత అతన్ని పిలిచి, తన సంగతి చెప్పి, ఈ కవిత రాయించాడు.

"చదువుకున్నోడివి, నన్నడుగుతావేంటి? నీకెలా తోస్తే అలా చదువు."

"అయితే ఒకటి కలిపేస్తా. యుద్ధం కవిత ఇప్పటి కుర్రాళ్లకి ఎక్కాలంటే క్లారిటీ ఉండాలి బావా."

"ఆయ్. ఉండాలండి మరి."

సాయంత్రం బన్నీ చెయ్యెత్తి "ఒకటి!" అని అందుకున్నాడు. బాగా చదివాడు. మంచి గొంతు, అదీ వాడికే ఇచ్చాడు దేవుడు. జనం కళ్లు తుడుచుకున్నారు. తప్పు ఒక్కడూ పట్టలేదు. శ్యామ్ బాబుకి ఇంకా మండింది.

పక్కనున్న మామ్మ కృపావతి మోచేత్తో పొడిచింది. "మీ తాత ఒకటి అన్లేదు గదరా. బన్నీగాడికి నువ్వు చెప్పలేదా?"

"చెప్పలేదు. తాత సంగతి ఆడికి దక్కకూడదని."

"ఆడికి దక్కలేదు, సరే. జోజిగాడి అమ్మ ముందు వరసలో కూర్చుంది. ఆవిడకీ దక్కలేదు, చూసేవా?"

చూశాడు. రోజూ ఆ రాశి దగ్గరే కొబ్బరి వలిచే కాంతమ్మ, ఎవరి సంగతో విన్నట్టు, కళ్లు పొడిగా కూర్చుంది.

భోజనాలకి లేచేటప్పుడు శ్యామ్ బాబు బన్నీ చేతిలోంచి బుక్కు లాక్కుని ఆవిడ కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "రెండు..." అన్నాడు. కాంతమ్మ చెయ్యి అతని చేతిని గట్టిగా పట్టుకుంది. ముందున్న ఆ ఒక్కడెవడో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

వెనకాల బన్నీ నిలబడి వింటున్నాడు. ఇదీ వీడికి దొరికిపోతోందని శ్యామ్ బాబుకి మండుతూనే ఉంది. అయినా చదవడం ఆపలేదు.