మరియమ్మ వినని అర్జీ

2024 మార్చి. ఆదోనిలో కౌన్సెలింగ్ డిప్లొమా విద్యార్థులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు. ఆ నెల పాఠం అడ్వకసీ: మన దగ్గరికి వచ్చినవాళ్ల బాధ వినడంతో ఆగకుండా, వాళ్ల హక్కు కోసం వాళ్లతో కలిసి అడగడం. నలుగురిలో నోరు విప్పాలంటే అరచేతులకు చెమటలు పట్టే నేను ఈ పాఠం చెప్పడమేమిటని డైరీలో చాలాసార్లు రాసుకున్నాను.

నా విద్యార్థిని సునీతకు పెద్దకడుబూరు దగ్గరి ఊళ్లో ఒక కేసు వచ్చింది. కూలిపని చేసే మరియమ్మ, ఆమె భర్త సుగ్గికి, అంటే మూడు నెలల వలసకు, గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లారు. చంటి కొడుకుతో పాటు తొమ్మిదో తరగతి చదివే కూతురు రూతునూ తీసుకెళ్లారు. తిరిగొచ్చేసరికి బడి రిజిస్టరులో రూతు పేరు కొట్టేసి ఉంది. మళ్లీ ఎక్కించకపోతే ఏప్రిల్ పరీక్షలు రాయనివ్వరు.

సునీత అర్జీ రాసింది. నేను వాక్యాలు సరిదిద్ది, చాలా బాగుందన్నాను.

రూతుతో సహా మేం నలుగురం బడి వరండాలో హెడ్‌మాస్టర్ పిలుపు కోసం కూర్చున్నప్పుడు సునీత దాన్ని మరియమ్మకు చదివి వినిపించింది. "తల్లిదండ్రులు బాలికను మిరప కోత పనిలో పెట్టినందున..."

మరియమ్మ దిగ్గున లేచింది. "ఏమ్మే సునీతా, పిల్లను పనికి పెట్టినామని మా మీద కేసు రాసినావా? అది మిరపసెట్టు ముట్టనేలే. సిన్నోన్ని ఎత్తుకోనుండె, అంతే."

"కాదక్కా, నీకోసమే రాసినా."

"నాకోసం రాసేదానివి నన్ను అడగొద్దా? పా రూతూ, పోదాం."

"అంటే ఇంగ నేను సదువుకోనా మా?" అంది రూతు.

అటెండర్ లోపలికి రమ్మన్నాడు. సునీత చేతిలోని అర్జీ తీసుకుని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నాను.

"తప్పు నాది మరియమ్మా. ఇది ఇవ్వం. లోపల నువ్వే చెప్పు, పక్కనే ఉంటాను."

"నాకు మాట్లాడేకి రాదు మేడమ్."

"నాకూ రాదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మేడమ్ అయ్యుండి మాట్లాడేకి రాదంట!" అని నవ్వి, చెంగు సర్దుకుని ముందు నడిచింది.

"సార్, యేటా సుగ్గికి పోతాం. పాపను యాడ ఇడ్సిపోవల్ల? హాస్టల్లో సోటిస్తే ఇడ్సే పోతాం. దాని పేరు రాసుకోండి సార్."

నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. హెడ్‌మాస్టర్ రిజిస్టరు తెప్పించి రూతు పేరు రాశారు. హాస్టల్ సీటుకు వేరే అర్జీ ఇమ్మన్నారు.

మా అర్జీలో హాస్టల్ అన్న మాటే లేదు. వరండాలో మరియమ్మ చెబుతుంటే సునీత కొత్తది రాసింది. రూతు చదివి వినిపించాకే మరియమ్మ వేలిముద్ర వేసింది.

ఇప్పటికీ విద్యార్థులు అర్జీలు తెచ్చి నా బల్ల మీద పెడతారు. ఎవరికోసం రాశారో వాళ్లు విన్నారా అని అడుగుతాను. విన్నారంటేనే ఎర్ర పెన్ను మూత తీస్తాను.