బ్లీచింగు తిన్న బండి

వ్యానక్క అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. బడి వ్యాను నడుపుతుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరది. పెద్దవాళ్ళకీ అదే అలవాటైపోయింది. నలభైకి దగ్గరపడిన మనిషి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఎప్పుడూ బ్రేకు మీదే కాలుంది మరి," అని నవ్వేసి ఊరుకునేది.

వాళ్ళ ఇంటి పక్కగోడకి ఆనుకుని ఒక పాత పికప్ బండి ఉండేది. తండ్రి పోయినప్పటినుంచి అది అక్కణ్ణుంచి కదల్లేదు. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. వెనక సరుకు పెట్టే తొట్టిలో గడ్డి మొలిచింది. తలుపు కింది అంచు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయేది. ఆ వేసవిలో వీధిలో మురుక్కాలువ తవ్వడానికి మనుషులొచ్చి, బండి అడ్డంగా ఉంది, తీయించమన్నారు.

"పాత ఇనుము వాణ్ణి పిలిచి ఇచ్చెయ్యి," అంది తల్లి, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా. "మళ్ళీ నాకు చెప్పక్కర్లేదు కూడా."

"ఒకసారి టింకరు బాబాయికి చూపిస్తానమ్మా. ఇంజను బాగుంటే..."

"బాగుంటే?"

తల్లి మిషను చక్రాన్ని చేత్తో ఆపి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ బండి మీద తల్లికి అంత కసి ఎందుకో చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి. మొదట్లో అది అందరి బండ్లలాంటిదే. తండ్రి దాంట్లో మూటలు, మంచాలు, బీరువాలు తోలేవాడు. వీధి చివర కొట్టాయనకి టోకు బజారు నుంచి రోజూ సరుకు తెచ్చేది ఆయనే. ఊళ్ళో విషజ్వరాలు పట్టిన ఏడు, ఆసుపత్రి గేటు దగ్గర ఒక కూలిమనిషి చచ్చిపోయిన తన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. ఈయన ఎక్కించుకున్నాడు. మర్నాడు ఇంకెవరో వచ్చి అడిగారు. ఆ పైవాడినీ కాదనలేకపోయాడు.

వారం తిరక్కుండానే కొట్టాయన కబురు పెట్టాడు. "రేపట్నుంచి వద్దులే. తినే వస్తువులు కదా. ఏమీ అనుకోకు." మిగతావాళ్ళు కబురు కూడా పెట్టలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే అది శవాల బండైపోయింది. ఇక ఆయన చేతిలో ఆ పనే మిగిలింది. దాన్ని మాత్రం శ్రద్ధగా చేశాడు. శవాన్ని దింపాక ఆ ఇంట్లోవాళ్ళతో వెళ్ళొస్తానని అనేవాడు కాదు. ఏ మాటా లేకుండా వచ్చేసేవాడు. ఇంటికొచ్చి బకెట్ల కొద్దీ నీళ్ళలో బ్లీచింగు కలిపి తొట్టంతా కడిగేవాడు. అన్నం దగ్గర కూర్చున్నా ఆ వాసన ఆయన చేతుల్లోంచి వచ్చేది.

తల్లి, వ్యానక్క మిషను దగ్గర ఉన్నప్పుడు ఒకావిడ గడప దగ్గర నిలబడి, కుట్టడానికిచ్చిన జాకెట్టుగుడ్డ వెనక్కి ఇచ్చెయ్యమంది. కుట్టనే లేదు కదా అంటే, "ఫర్వాలేదు, ఇచ్చెయ్యండి," అంది. ఆ తర్వాత అలాంటివాళ్ళు చాలామంది వచ్చారు. మళ్ళీ ఆమె మిషను దగ్గరికి గుడ్డలు రావడం భర్త పోయి, బండి ఆగిపోయాకే.

ఆయన ఆసుపత్రిలోనే పోయాడు, గుండె ఆగి. ఇంటికి తేవడానికి వేరే బండి దొరకలేదు. ఆయన బండే గేటు బయట నిలబడి ఉంది. తాళం ఆయన చొక్కా జేబులో ఉంది. తండ్రిని తొట్టిలో పడుకోబెట్టి వ్యానక్కే నడుపుకుంటూ వచ్చింది. దారిలో గతుకు వచ్చిన ప్రతిచోటా బ్రేకు తొక్కి నెమ్మది చేసింది, దెబ్బ తగులుతుందేమోనన్నట్టు. ఆ రోజు తొట్టి ఎవరూ కడగలేదు.

టింకరు బాబాయి తండ్రికి పాత స్నేహితుడు. బండ్ల రేకులు కొట్టి, సొట్టలు తీసి, అతుకులు వేయడమే ఆయన బతుకంతా. బండిని షెడ్డుకి లాక్కెళ్ళి, కిందికి దూరి చిన్న సుత్తితో కొట్టి చూశాడు. వెనకవైపు ఒకచోట సుత్తి లోపలికి దిగబడిపోయింది.

"ఇంజను గట్టిగానే ఉందే అమ్మా," అన్నాడు బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ. "వెనక ఛాసిస్ చట్రం పోయింది. తొట్టి అడుగు పేరుకే ఉంది. ఇది వానకి పట్టిన తుప్పు కాదు. బ్లీచింగు తిన్న తిండి. కడక్కురా బాబూ, రేకు చస్తుంది అని ఎన్నిసార్లు చెప్పానో. మనుషులే చస్తుంటే రేకు సంగతేంట్రా అనేవాడు."

"చెయ్యొచ్చా, వద్దా?"

"చెయ్యొచ్చు. తొట్టి తీసేసి, ఛాసిస్ వెనక సగం వేరే బండిది తెచ్చి అతకాలి. కష్టం నాది, ఖర్చు నీది. చేశాక ఏం చేస్తావు దాంతో?"

వ్యానక్క అప్పటికే అంతా అనుకుని ఉంది. మంచి నీలం రంగు వేయించాలి. ఊరికి అవతలివైపు కూరగాయల బజారులో ఎవరికీ ఈ బండి తెలియదు. అక్కడ సరుకు తోలుకుంటే ఒకరి దగ్గర జీతానికి ఉండక్కర్లేదు. అదే ఆయనకి చెప్పింది.

"రంగేస్తే బండి మారుద్దా?" అన్నాడు టింకరు. "సరే, నీ ఇష్టం." తొట్టి బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. గ్యాసుతో కోసి విప్పాడు. బండి ముందు సగం ఒకచోట, వెనక సగం ఇంకోచోట పడి ఉంది.

అలా ఉన్నప్పుడే ఒక పొద్దున కొట్టాయన వాళ్ళింటికి వచ్చాడు. లోపలికి రాలేదు. మెట్టు కిందే నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"మా ఆవిడ పోయిందమ్మా. ఆసుపత్రిలో ఉంది. వాళ్ళ బండి ఊళ్ళో లేదంట, సాయంత్రం దాకా రాదంట. ఆటోవాళ్ళు... బండి ఉందేమోనని వచ్చాను."

తల్లి మిషను తొక్కడం ఆపేసింది. వ్యానక్క ఒకసారి తల్లి వైపు చూసింది.

"బండి షెడ్డులో ఉందండీ, విప్పేసి. తొట్టి కూడా లేదు దానికి."

ఆయన తలాడించాడు. అక్కడే నిలబడిపోయాడు, ఇంక ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాడిలా. వ్యానక్క చెప్పులేసుకుంది. ఒంటిపూట బడులు; పిల్లల్ని దింపి వచ్చింది కాబట్టి మధ్యాహ్నం దాకా పనేమీ లేదు. దారిలో అరటిపళ్ళవాణ్ణి బతిమాలి అతని తోపుడుబండి ఖాళీ చేయించింది. శవానికని చెప్పలేదు. చెబితే ఇచ్చేవాడు కాదు.

ఎండ మండిపోతోంది. ఆసుపత్రి నుంచి ఇంటిదాకా పెద్దరోడ్డు మీదుగానే రావాలి. కొట్టాయన వెనకనుంచి తోస్తున్నాడు. బస్సు పక్కనుంచి పోయినప్పుడల్లా గాలికి దుప్పటి లేచిపోతోంది. వ్యానక్క ఒక చేత్తో తలవైపు, ఒక చేత్తో కాళ్ళవైపు దుప్పటిని అదిమి పట్టుకుని నడిచింది. బండి పొట్టిది కావడంతో ఆవిడ పాదాలు బయటికి వచ్చి గతుకు గతుక్కీ ఊగుతున్నాయి. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు స్కూటరు మీదున్నవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఒకడు మాత్రం ఫోను తీశాడు. కొట్టాయన అతనికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

వీధి మలుపు తిరిగాక అన్నాడాయన, "మీ నాన్న ఉండుంటే ఇలా అయ్యేది కాదమ్మా."

ఆ మాట అంటాడని ఆమెకి ముందే తెలుసు. దానికి జవాబు కూడా ఎన్నో ఏళ్ళుగా నోట్లోనే ఉంది. తీరా సమయం వచ్చేసరికి అనబుద్ధి కాలేదు. "అటు పట్టుకోండి, కాలువ తవ్వారు, చూసి నడవండి," అంది.

దింపాక వ్యానక్క ఎవరికీ ఏమీ చెప్పకుండా వచ్చేసింది. అరటిపళ్ళవాడి బండి కడిగి ఇచ్చింది. వాడికి అప్పటికే ఎవరో చెప్పేశారు. కడిగినా సరే, ఆ బండి ఇక నాకొద్దన్నాడు. ఆమె దానికి బదులు కొత్తది కొనివ్వవలసి వచ్చింది.

మర్నాడు షెడ్డుకి వెళ్ళింది.

"రంగు మార్చొద్దు బాబాయ్. తొట్టి అడుగున రేకు మందంగా వెయ్యండి. నీళ్ళు నిలవకుండా వెనక్కి కాస్త వాలు పెట్టండి. ఒక మనిషి కాళ్ళు చాపుకునేంత పొడుగుండాలి."

టింకరు చేతిలో సుత్తి పక్కన పెట్టాడు. "మీ అమ్మకి చెప్పావా?"

"చెప్పాలి."

చెప్పడం అనుకున్నంత తేలికగా జరగలేదు. తల్లి కేకలు వేసినా బాగుండేది. కుట్టిన జాకెట్టుకి హుక్కులు కుడుతూ, చివరి హుక్కు దాకా కుట్టి, దారం కొరికి, అప్పుడు మాట్లాడింది.

"మీ నాన్న జాలిగుండె ఆయనకి పేరు తెచ్చింది. నాకేం తెచ్చిందో నువ్వు చూశావు. గడప దగ్గర నిలబడి గుడ్డలు వెనక్కి అడిగారు చూడు, అప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు."

"ఉన్నానమ్మా."

"ఉండి కూడా?"

"నిన్న తోపుడుబండి మీద ఆవిడ పాదాలు చూశాను. ఇంక వేరే పనికి ఆ బండి తోలలేను."

"అయితే తోలుకో. నన్ను మాత్రం ఇందులో పెట్టకు. ఈ వయసులో మళ్ళీ అవన్నీ పడలేను."

బండి షెడ్డు బయటికి రాకముందే తల్లి పెద్దకూతురి ఇంటికి వెళ్ళిపోయింది. మిషను కూడా పట్టుకెళ్ళింది. ఆటోలో మిషనుని తాడుతో కట్టింది వ్యానక్కే. తల్లి దాన్ని ఒక చేత్తో పట్టుకుని కూర్చుని, ఆటో కదిలేదాకా ముందుకే చూసింది.

బండి రోడ్డెక్కిన కొద్దిరోజులకే బడివాళ్ళు పిలిచారు. బడి నడిపే పెద్దమనిషి కుర్చీ వేయించి మంచినీళ్ళు ఇప్పించాడు. "మీ డ్రైవింగుకి వంక పెట్టేదేమీ లేదండీ. పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోవట్లేదు. మా పరిస్థితి కూడా అర్థం చేసుకోండి." వ్యానక్క అర్థం చేసుకుంది. వ్యాను తాళం బల్ల మీద పెట్టింది. బయట పిల్లలు కొందరు ఆమెని చూసి చెయ్యి ఊపారు. కొందరు ఊపబోయి ఆగిపోయారు, ఇంట్లో ఏదో చెప్పినట్టున్నారు.

కొట్టాయన ఆమెకి సరుకు పని ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు. ఆయన కొట్లో ఏమైనా కొంటే చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీద పెడతాడు. అలా పెట్టినందుకు ఆయనకే సిగ్గుగా ఉంటుంది. ఆ సిగ్గు ఆమెకి కనిపిస్తుంది. అంతకుమించి ఆయన చెయ్యలేడు.

పని మాత్రం ఉంటుంది. ఆసుపత్రి గేటు దగ్గర చెట్టునీడలో బండి పెట్టుకుని కూర్చుంటుంది. లేనివాళ్ళని అడగదు, ఉన్నవాళ్ళు ఇచ్చింది తీసుకుంటుంది. సాయంత్రం కుళాయి దగ్గర తొట్టి కడుగుతుంది. వాలు బాగానే కుదిరింది, నీళ్ళు నిలవవు. బ్లీచింగు వాడొద్దని టింకరు ఇంకేదో మందు చెప్పాడు. దాని వాసన ఇంకా ఘాటుగా ఉంటుంది.

తల్లి రెండు మూడు రోజులకోసారి అక్క ఫోను నుంచి మాట్లాడుతుంది. "తిన్నావా?" అని అడుగుతుంది. "ఆ, తిన్నానమ్మా," అంటుంది వ్యానక్క, శవాల గది బయట, లోపలివాళ్ళ ఏడుపు తల్లికి వినిపించకుండా ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది తల్లి, ఇంట్లో కుళాయి వస్తోందా అని అడుగుతుంది. బండి గురించి మాత్రం అడగదు. ఎప్పుడొస్తావని వ్యానక్కా అడగదు.