రత్నమ్మక్క గొంతు

మేకప్ గదిలో ముఖానికి పూయడానికి తడిపిన పాన్‌కేక్ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నాకు రత్నమ్మక్క గుర్తొస్తుంది. పుంగనూరులో పుట్టి, పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు కట్టి, నడివయసులో సినిమాల్లోకి, ఆ తర్వాత సీరియళ్లలోకి వచ్చిన మనిషి. కుప్పం నుంచి హైదరాబాదు చేరి, మా యాస ఎక్కడ బయటపడుతుందోనని నోరు అదుపులో పెట్టుకుని బతుకుతున్న రోజుల్లో నేను ఒక సీరియల్లో ఆమెకు కూతురిగా వేశాను.

తన మొదటి సినిమా సంగతి ఆమే చెప్పింది. మదనపల్లెలో ఆడుతుంటే బంధువులందరినీ వెంటబెట్టుకుని వెళ్లిందట. తెర మీద ముఖం తనదే, మాట మాత్రం ఎవరిదో. తనకు చెప్పకుండానే మరొకరి చేత డబ్బింగ్ చెప్పించేశారు. రత్నమ్మక్క కుర్చీలోంచి లేచి, తెర మీది తన పెదవులతో పాటే ఆ డైలాగులన్నీ గొంతెత్తి చెప్పింది.

"మొదట కూసోమని అరిసినారు. ఆనెంక ఈలలేసినార్మే!" అని నవ్వింది. ఆ కబురు ఎలా పాకిందో, సినిమావాళ్లు చాలాకాలం ఆమెను పిలవలేదు.

"ఎందుకక్కా అంత పని చేశారు?" అని అడిగాను.

"నా నోట్లో ఇంగొకరి మాట పెడితే సూస్తా కూసోవాల్నా?"

మా సీరియల్లో ఆమెది జడ్జి పాత్ర. "పనిమనిషి పాత్రయితే ఈ యాస బాగుంటుందమ్మా. జడ్జి నోట వింటే జనం నవ్వుతారు. వేరేవాళ్ల చేత చెప్పిస్తాం," అన్నాడు దర్శకుడు.

"యాలప్పా, మా తట్టు జడ్జీలు పుట్టరా?" అంది రత్నమ్మక్క. "ఒక్కతూరి నా మాటతోనే చెప్తా. ఈడ ఎవురన్నా నవ్వితే ముఖం కడుక్కోని పోతా."

తీర్పు చదివే సన్నివేశం. చదివింది. ఒక్కరూ నవ్వలేదు. బోనులో నిలబడిన నటుడు నిజంగానే తల దించుకున్నాడు. అయినా ఛానల్‌వాళ్లు ఒప్పుకోరన్నాడు దర్శకుడు. ఆమె నల్లకోటు విప్పి కుర్చీ మీద వేసి, నా వైపు తిరిగింది. "నువ్వు కుప్పం పిల్లవి గదమ్మే. నాతో గూడా యాల వాళ్ల మాదిరి మాట్లాడతాండావు?"

ఆ సాయంత్రమే పుంగనూరు బస్సెక్కింది. ఓడిపోయి వచ్చిందని ఊళ్లో కొందరన్నారు. ఆమె మాత్రం చివరిదాకా చౌడేపల్లె, సోమల లాంటి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి నాటకాలు నేర్పింది, తానూ ఆడింది. నేను చివరిసారి చూసింది మదనపల్లెలో. నాటకం మధ్యలో మైకు పాడైతే, దాన్ని పక్కకు తోసి ఆఖరి వరుసదాకా వినిపించింది.

ఈ మధ్య ఒక వెబ్ సిరీస్‌లో డాక్టర్ పాత్రకు నన్ను పిలిచి, గొంతు వేరేవాళ్లది పెడతామన్నారు.

"అట్లయితే ముఖం గూడా వాళ్లదే పెట్టుకోండప్పా," అన్నాను.

పాత్ర పోయింది. ఆఫీసు మెట్లు దిగి, రోడ్డు మీదే అమ్మకు ఫోన్ చేశాను. "యాడుండావమ్మా?" అని నేను గట్టిగా అడుగుతుంటే పక్కవాళ్లు తిరిగి చూశారు. నేను గొంతు తగ్గించలేదు.