క్యారియర్‌లో పంది పేగులు

ఆ రోజుల్లో నాకు భయాలు తక్కువ. (ఇప్పుడు పిల్లలు ఒకసారి తుమ్మితే రెండుసార్లు థర్మామీటర్ పెడతాను.) మొదటి భయం పుట్టిన క్షణం మాత్రం బాగా గుర్తుంది: రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే ప్యాసింజర్‌లో, ఎదుటి సీటు పెద్దమ్మ నా క్యారియర్ గొళ్ళెం మీద చెయ్యి వేసిన క్షణం. "ఏం కూర తెచ్చావమ్మా? నా దగ్గర గోంగూర పచ్చడుంది, చెరిసగం తిందాం," అంది ఆప్యాయంగా.

అది కూర కాదు, పంది పేగులు. బాపట్లలో ఒక ల్యాబ్‌లో నేను చేరి పది రోజులైంది. పంది పేగుల్లో ఏ భాగంలో ఎలాంటి బ్యాక్టీరియా ఉంటుందో చూడటం మా పని. చిన్నపేగులో కాస్త తక్కువే. గాలి గిట్టని రకాలు గుడ్డిపేగులో, పెద్దపేగులో కిక్కిరిసి ఉంటాయి. "ముక్కలు కలిసిపోయాయంటే రేపట్నుంచి రానక్కర్లేదమ్మా," అని సార్ ముందే చెప్పారు. ఐసు పెట్టె పగిలిపోవడంతో ఆ రోజు రేపల్లెలో పంది మాంసం కొట్టు దగ్గర ముక్కలు సర్దుకున్న మా ఇంటి మూడు గిన్నెల క్యారియర్‌ను ఐసు ముక్కల సంచిలో దించి తెచ్చాను. పైన చిన్నపేగు, మధ్యన గుడ్డిపేగు, అడుగున పెద్దపేగు. పందిలో ఉన్న వరుసే కదా, పేర్లు రాయడమెందుకు అనుకున్నాను! (డిగ్రీలో ఫస్ట్ క్లాసు నాకు.)

"వద్దండీ!" అనేలోపే పెద్దమ్మ గిన్నెలన్నీ సీటు మీద పరిచి మూతలు తీసేసింది. "ఏంటమ్మా ఇవి?"

"పంది పేగులండి. ఏది ఏదో కలిసిపోతే నా ఉద్యోగం పోతుందండి."

పక్కనున్నాయన ఇడ్లీ పొట్లంతో సహా తలుపు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను గిన్నెల వంక చూశాను. పుస్తకంలో గులాబీ, నీలం రంగుల్లో ఉండేవి. ఇక్కడ మూడూ ఒకేలా ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఓసి పిచ్చిదానా, దీనికే ఏడుస్తారా! ఆదివారం వస్తే ఇవి కడిగేది నేనే," అంటూ పెద్దమ్మ ఒక్కో గిన్నెనీ ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది సన్నపేగు, వాసనే లేదు. ఇది సంచిలా ఉంది, మధ్యది. ఇదిగో, ఈ కంపు కొట్టేది ఆఖరుది. ఇక మూతలు పెట్టు తల్లీ, నేను అన్నం తినాలి."

తెనాలిలో బండి మారి బాపట్ల చేరేదాకా ఆ క్యారియర్‌ను చంటిపిల్లలా ఒళ్ళోనే పెట్టుకున్నాను. సార్‌కి జరిగిందంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు మైక్రోస్కోపులో చూసి, "మూడూ కరెక్టే. ఆవిడ ఉద్యోగానికి వస్తుందేమో కనుక్కోలేకపోయావా?" అన్నారు.

నిన్న మా చిన్నది, "చెంచా మీద కూడా నా పేరెందుకమ్మా?" అని గొడవ చేసింది. ఈ పొద్దున డబ్బాలు సర్దుతూ పిల్లలిద్దరికీ చెప్పాను: "పేర్లు రాయని అమ్మాయి ఒకత్తి ఉండేది. దాని ఉద్యోగాన్ని ఒక పెద్దమ్మ ముక్కు కాపాడింది. మీకు అంత మంచి ముక్కు ఎదురవుతుందో లేదో, పేరు ఉండనివ్వండి."