అబద్ధాల పేజీ

తార్నాకలో మెట్రో దిగి పక్క సందులోకి తిరిగితే, మెడికల్ షాపు పైన రెండో అంతస్తులో నేను పాఠం చెప్పే కోచింగ్ సెంటరు. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు వస్తారు. నేను నేర్పేది ఒక్కటే, సెంటెన్స్ కరెక్షన్. ఒక ఇంగ్లీషు వాక్యం ఇస్తారు, అందులో తప్పెక్కడుందో అర నిమిషంలో పట్టుకోవాలి. లేని తప్పు పట్టుకున్నా మార్కు పోతుంది. పిల్లలు నన్ను వెనకాల ఏమంటారో నాకు తెలుసు. కోపిష్ఠిదంటారు. నిజమే, నా నోరు మంచిది కాదు. "డిస్కస్" పక్కన "అబౌట్" పెట్టినవాణ్ణి నిలబెట్టి కడిగేస్తాను. వాడు తలొంచుకుంటే నాకే బాధేసి మళ్లీ కూర్చోమంటాను.

ఈ విద్య నాకు ఎక్కడ అబ్బిందని ఎవరైనా అడిగితే యూనివర్సిటీలో అంటాను. క్లాసులో కాదు, లేడీస్ హాస్టల్లో, ఒక రూమ్మేటు రాసిన పేజీలు దిద్దుతూ నేర్చుకున్నాను. పన్నెండేళ్లు దాటింది. ఇప్పటికీ క్యాంపస్ మీదుగా ఆటోలో పోతుంటే ఆ రీడింగ్ రూము వైపు చూడకుండా తల తిప్పుకుంటాను. చూస్తే ఆ రోజంతా పని చేయబుద్ధి కాదు.

ఆమె నాకంటే ఏడాది చిన్న. సిద్దిపేట వైపు పల్లె, మక్కలు, పత్తి వేసుకునే ఇల్లు. నాన్న లేడు. అమ్మ, ఒక అన్న. అన్న వారాసిగూడలో గది తీసుకుని ఏదో షోరూములో పనిచేసేవాడు. నాది కడప వైపు. మొదటి రోజు ట్రంకు పెట్టె గుమ్మంలో దించి, "అక్కా, ఏ మంచం నాది?" అని అడిగింది. కిటికీ పక్క మంచం మీద నా బట్టలు ఆరేసి ఉన్నాయి. "యాడన్నా పడుకో మే, నన్నెందుకు అడుగుతాండావు?" అన్నాను. ఆమె నా బట్టలన్నీ చక్కగా మడతపెట్టి నా మంచం మీద పెట్టి, కిటికీ పక్క తను పడుకుంది. అప్పుడే అనుకున్నాను, ఇది మామూలు పిల్ల కాదని.

ఇద్దరివీ తెలుగు మీడియం చదువులే. లెక్కల్లో నన్ను పిండి చేసేది. శాతాలు, నిష్పత్తులు పెన్ను ముట్టకుండా చెప్పేసేది. ఇంగ్లీషు దగ్గరకొచ్చేసరికి మొహం మాడిపోయేది. నాకేమో లెక్కలంటే భయం, ఇంగ్లీషు కాస్త పట్టుబడింది. అలా ఒప్పందం కుదిరింది. ఆమె నాకు రోజూ పది లెక్కలు నేర్పాలి. నేను ఆమె రాసిన ఒక పేజీ ఇంగ్లీషు దిద్దాలి. పొద్దున ఏడింటికి రీడింగ్ రూము తెరిచేవాళ్లు. సీట్ల కోసం తలుపు ముందు అందరి బ్యాగులూ వరసగా పెట్టి ఉండేవి, మనుషులు మెట్ల మీద కూర్చునేవాళ్లు. మా బ్యాగులు వరసలో ఉండగా, ఎర్ర పెన్నుతో నేను ఆ పేజీ దిద్దేదాన్ని.

మొదట్లో నిజాలు రాసింది. పొద్దున లేచాను, ఉప్మా తిన్నాను, ఉప్మా బాగాలేదు. మూడు రోజులకే ఉప్మా అయిపోయింది. నాలుగో రోజు వాళ్ల నాన్న గురించి రాయడం మొదలుపెట్టి, ఐదో లైను దగ్గర ఆపేసింది. మిగతా పేజీ తెల్లగా ఉంది.

"ఇదేంది, సగం పేజీ ఇస్తాండావు?" అని అరిచాను.

"నిజం రాస్తే మనసు గటే పోతున్నదక్కా. గ్రామర్ మీద ఉంటలేదు," అంది.

"అయితే రేపట్నించి అన్నీ అబద్ధాలే రాయి. నిజం ఒక్క ముక్క కనపడినా దిద్దను, చెప్తాండా."

కోపంలో అన్న మాట అది. అదే మా రూలైపోయింది. ఇక ఆ పిల్ల రెచ్చిపోయింది చూడండి! వార్డెన్ మేడం హాస్టల్ మిద్దె మీద ఒంటెను పెంచుతోందని రాసింది. వాళ్లన్న గది పక్కనున్న బౌద్ధనగర్ దాకా సముద్రం వచ్చిందని, వాళ్లన్న వల వేసి చేపలు పడుతున్నాడని రాసింది. రామంతాపూర్ టీవీ స్టేషన్‌కి నన్ను వార్తలు చదవడానికి పిలిస్తే, వార్తలు మానేసి వాళ్ల స్క్రిప్టులో తప్పులు దిద్దుతూ కూర్చున్నానని, ఆ రోజు రాష్ట్రంలో ఎవరికీ ఏ వార్తా తెలియలేదని రాసింది. మెట్ల మీద కూర్చుని నేను పగలబడి నవ్వుతుంటే, బ్యాగుల వరసలో ఉన్నవాళ్లంతా ఇటే చూసేవాళ్లు. ఆమె మాత్రం నవ్వేది కాదు. నా మొహం చూస్తూ, "ఎన్ని తప్పులక్కా?" అని అడిగేది. ఇరవై, పదిహేడు, పధ్నాలుగు. తప్పులు తగ్గుతూ వచ్చాయి. తొమ్మిదికి దిగిన రోజు మధ్యాహ్నం తార్నాక చౌరస్తా దాకా నడిచి వెళ్లి, ఇరానీ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు తిన్నాం. దారి పొడవునా "తొమ్మిది, తొమ్మిది" అంటూనే నడిచింది.

అలాంటి పొద్దులు మళ్లీ నాకు రాలేదు. ఇప్పుడు రోజుకు నూరు పేపర్లు దిద్దుతాను. ఒక్కదాంట్లోనూ ఒంటె ఉండదు.

ఆమె రెండుసార్లు బ్యాంకు పరీక్ష రాసింది, రెండుసార్లూ ఇంగ్లీషులోనే కాస్తలో పోయింది. రెండోసారి పోయినప్పుడు అన్న హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. మంచివాడే. పొద్దున పనికి పోయే తొందరలో, నలగని చొక్కాతో నిలబడి, "ఎన్నేండ్లు చదువుతది మేడం? అమ్మ ఒక్కతే ఉంటున్నది గాడ," అన్నాడు. నేను ఆమె పక్కన నిలబడి ఆ దిద్దిన పేజీలన్నీ ఆయన ముందు పరిచాను. ముప్పై తప్పుల పేజీ ఇది, తొమ్మిది తప్పుల పేజీ ఇది, ఇంకొక్కసారి రాయనివ్వండి, నాదీ పూచీ అన్నాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఎర్ర గీతలు తగ్గడం మాత్రం కనిపించింది. "మీరు చెప్తున్నరు గాబట్టి సరే," అని వెళ్లిపోయాడు. ఆమె నా చేయి పట్టుకుని లోపలిదాకా వదల్లేదు.

మూడోసారి ప్రిలిమ్స్ ఇద్దరమూ దాటాం. మెయిన్స్‌కి ఇంకా రెండు నెలలు. నాకు అదే ఆఖరి అవకాశం, వయసు దాటిపోతోంది. తలొంచుకుని చదువుతున్నాను. పక్కమంచం మీద ఏం జరుగుతోందో నాకు పట్టలేదు. ఆమె ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లేది, వచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. "ఏమైంది మే?" అంటే "ఏం లేదక్కా" అనేది. నేనూ రెండోసారి అడగలేదు.

ఒక శుక్రవారం పొద్దున పేజీ ఇచ్చింది. అందులో ఒంటె లేదు, సముద్రం లేదు. మా మండలంలో ఒక ప్రైవేటు బడిలో టీచరు కావాలట, అని ఉంది. మా అన్న ఆదివారం పది గంటలకు నన్ను తీసుకుపోవడానికి వస్తున్నాడు. ఈసారి నా మాట వినడు. మా అన్నకు నీ మాట మీద గురి. నువ్వు గేటు దగ్గర నా పక్కన నిలబడి, ఈ రెండు నెలలు ఆగమని ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్తే ఆగుతాడు. ఇదంతా ఇంగ్లీషులోనే ఉంది.

చదువుతుంటే ఎందుకో పెన్ను ఆగింది. తలెత్తి ఆమె మొహం చూశాను. రోజూ చూసినట్టే చూస్తోంది. ఆదివారం పదింటికి తార్నాకలో నాకు ఫుల్ మాక్ టెస్ట్ ఉంది, మెయిన్స్‌కి ముందు అదొక్కటే. ఇంతలో రీడింగ్ రూము తలుపు తెరిచారు, అందరూ లేచారు. గబగబా తప్పులు దిద్దేశాను. మా అన్నతో నా గురించి చర్చించు అని రాసిన చోట "డిస్కస్" పక్కనున్న "అబౌట్" కొట్టేశాను. అడుగున, "తప్పులు ఆరు. కథ బాగుంది, కానీ అన్న పాత్ర నమ్మేలా లేదు. అంత మొండివాడు ఒక్క మాటకే ఎలా ఆగుతాడు?" అని రాసి చేతికిచ్చాను.

ఆమె నిలబడే చదువుకుంది. రెండుసార్లు చదివింది. "ఆరేనా అక్కా?" అంది. "ఆరే. మొహం వెలిగిపోవాల్సింది పోయి అట్లా పెట్టినావేం మే?" అన్నాను. నవ్వింది. లోపలికి వెళ్లి కూర్చున్నాం.

ఆదివారం టెస్టు రాసి, మధ్యాహ్నం రెండింటికి రూముకొచ్చాను. పక్క మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. ట్రంకు లేదు. నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి ఉంది. ఎదుటి రూము అమ్మాయి గుమ్మంలో నిలబడి, "వాళ్లన్న వచ్చి తోలుకపోయిండక్కా. పదిన్నర దాక గేటు కాడనే నిలబడ్డది, తార్నాక దిక్కే చూసుకుంట. ఎవలకోసం అంటే చెప్పలే," అంది.

నా తల తీసేసినట్టయింది. చెప్పులు కూడా విప్పకుండా ఆ పేజీ తీసి మళ్లీ చదివాను. ఎర్ర సిరా కింద ఒక్కొక్క ముక్కా నిజం. అన్న పాత్ర నమ్మేలా లేదట! ఆ రాత నా చేతిదే. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఫోన్ చేశాను, మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, ఎత్తలేదు. మూడోసారి చేయడానికి మొహం చెల్లలేదు. ఆ తర్వాత ఎన్ని రోజులు గడిచాయో, ఆ నంబరు కూడా మారిపోయింది.

మెయిన్స్ నేనొక్కదాన్నే రాశాను. లెక్కల్లో పోయింది. రోజూ పది లెక్కలు చెప్పేవాళ్లు లేరు మరి. ఇంగ్లీషులో వచ్చిన మార్కులు చూసి ఈ కోచింగ్ సెంటరు వాళ్లు పిలిచారు, అలా తార్నాకలోనే ఉండిపోయాను. ఇన్నేళ్లలో ఎందరో పిల్లలు వచ్చారు, ఉద్యోగాలు తెచ్చుకుని స్వీట్లు పట్టుకొచ్చారు. ఎవరు వచ్చినా నాకు ఆమె గుర్తొస్తుంది. రెండు నెలలు ఆగి ఉంటే ఆమెకు ఖాయంగా వచ్చేది. ఆరు తప్పులకు దిగిన మనిషికి రాక ఎవరికొస్తుంది? నేనొచ్చి గేటు దగ్గర నిలబడి ఉంటే సరిపోయేది.

పోయిన నెల పాత హాస్టల్ వాళ్లెవరో వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందులో ఆమె నంబరు ఉంది. ఫొటోలో గులాబి చీర, వెనక బడిపిల్లలు. రెండు వారాలు ఆ నంబరు చూస్తూనే ఉన్నాను. చివరికి ఒక ఆదివారం క్లాసయిపోయాక, ఖాళీ బెంచీ మీద కూర్చుని చేశాను.

"అక్కా!" అంది, నేను పేరు చెప్పకముందే. "నీ గొంతు మారనే లేదు. ఇంకా అందర్ని తిడుతున్నవా?"

"తిడతానే ఉండా మే," అన్నాను. నవ్వబోతే ఏడుపొచ్చింది.

అదే బడిలో ఉందట. ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతోందట. పెళ్లయింది, ఒక బిడ్డ, తను అమ్మ దగ్గరే ఉంటోంది. మంచిగనే ఉన్న అంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడాం. తర్వాత ఇక ఆగలేక, పన్నెండేళ్లుగా గొంతులో ఉన్నది బయటపెట్టాను. "ఆ శుక్రవారం పేజీ నేను అబద్ధమనుకున్నా మే. నిజమని తెలీలేదు. నన్ను క్షమించు."

"నాకెరుకేనక్కా," అంది తొందరపడకుండా. "గట్లనుకుంటవనే గా పేజీల రాసిన."

"అంటే?"

"నీకు ఆదివారం టెస్టుండె. నోటితోని అడిగితే నువ్వు కాదనలేవు. రాబుద్ధి అయితే ఒస్తవు, కాకుంటే అబద్ధమనుకొని ఊకుంటవు. నీకు పరేషాన్ ఉండొద్దని అట్ల రాసిన." ఆగి, మళ్లీ అంది. "నిజమని తెలిస్తే ఒస్తుంటివా అక్కా?"

వచ్చేదాన్నని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ పొద్దున మెట్ల మీద ఆగిన పెన్ను, అది ఆగగానే నేను చూసిన ఆమె మొహం, ఆ వెంటనే తలుచుకున్న మాక్ టెస్ట్, అన్నీ వరసగా కళ్ల ముందుకు వచ్చాయి. ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను. అటునుంచి ఆమె ఊపిరి వినపడుతోంది, తొందరపెట్టడం లేదు.

"వచ్చేదాన్నే," అన్నాను చివరికి.

"గింతసేపు పట్టిందా అక్కా," అంది. నవ్వుతూనే అంది.