కత్తుల పొగరు దించే ఆవిడ

ఊళ్లో అందరూ ఆవిడను మొద్దక్క అంటారు. తెలివి తక్కువై కాదు, కత్తుల్ని మొద్దుబార్చడం ఆవిడ వృత్తి కాబట్టి. పదును పెట్టేవాళ్లు వీధికొకరు ఉంటారు. పదును తీసేవాళ్లు ఆ చుట్టుపక్కల ఆవిడా, ఆవిడ కూతురూ తప్ప ఇంకొకరు లేరు.

ఆ అవసరం ఎందుకొచ్చిందంటే, సైన్యంలో పాతికేళ్లు చేసి దిగిపోయిన ప్రతివాడికీ రాజుగారు వాడి ఆయుధాన్నే బహుమానంగా ఇచ్చి ఇంటికి పంపిస్తారు. అవి ఆషామాషీ ఆయుధాలా? కొండల్ని చీల్చడానికి చేసినవి. వీధి చివర సైనికుడి భార్య మొగుడి కత్తితో గుమ్మడికాయ కోసింది. గుమ్మడికాయ తెగింది. దాని కింద పీట తెగింది, పీట కింద గచ్చు తెగింది, కింది వాటాలో మధ్యాహ్నం కునుకు తీస్తున్న టైలరుగారి మంచం నిలువునా రెండైంది. ఆయన గోడవైపు ఒత్తిగిలి పడుకున్నాడు కాబట్టి ఇంకా బట్టలు కుడుతున్నాడు. మరో పెద్దమనిషి తన బల్లేన్ని సరదాకి పెరట్లోంచి విసిరితే, పక్క రాజ్యం వాళ్లు వారం తర్వాత దాన్ని శుభ్రంగా తుడిచి, ఉత్తరం జతచేసి తిరిగి పంపారు. ఉత్తరం మర్యాదగానే ఉంది. తమ గంటస్తంభం పైభాగం ఏమైనా ఇటువైపు వచ్చిందా అని మాత్రం అడిగారు.

ఇలాంటివన్నీ చివరికి మొద్దక్క గడప తొక్కాల్సిందే. అది సానరాయికి లొంగే పదును కాదు. ఆ ఆయుధాల బలమంతా పొగడ్తల్లో ఉంది. కొలిమిలోంచి తీసింది మొదలు సేనాపతులు ఆహా అంటారు, కవులు ఓహో అంటారు, వినీ వినీ వాటికి కళ్లు నెత్తికెక్కుతాయి. మొద్దక్క నలభై రోజులు వాటిని పూచికపుల్లలా తీసిపారేస్తుంది. సున్నం కలపడానికి వాడుతుంది, మాడిన గిన్నెలు గీకిస్తుంది, గాలికి కొట్టుకునే తలుపుకి అడ్డం పెడుతుంది. పొద్దున్నే లేచి వాటికేసి చూసి, ఇంకా ఇక్కడే ఉన్నావా అని నిట్టూరుస్తుంది. నలభయ్యో రోజున సబ్బుబిళ్ల మీద ఆనించి నొక్కితే గీత కూడా పడకూడదు. అప్పుడు పని అయినట్టు లెక్క.

ఇందులో చిక్కల్లా ఒక్కటే. ఆ చుట్టుపక్కల ఎవరు ఎవర్ని మెచ్చుకున్నా ఆయుధం తననే అనుకుంటుంది. అందుకని ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ మంచిమాట అనలేదు. పెళ్లయిన కొత్తలో మొద్దక్క మొగుడు ఓసారి నోరు జారి ఆవిడ కళ్ల గురించి ఏదో అన్నాడు. వంటింటి పైకప్పు లేచిపోయింది. ఆయన తాపీమేస్త్రి కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ కూర కుదిరిన రోజున పెదవి విరుస్తూ రెండోసారి వడ్డించుకుంటాడు. మరీ కుదిరితే మూడోసారీ విరుస్తాడు. అలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని మొద్దక్క లోలోపల మురిసిపోతుంది.

కూతురి సంగతి వేరు. ఆ పిల్ల పదహారో ఏట పనిలో చేరి ఆరేళ్లయింది. తల్లి వారం రోజులు ఈసడిస్తే దిగే పొగరు, ఆ పిల్ల ఒక్కసారి ఆవలిస్తే దిగిపోతుంది. అది చూసినప్పుడల్లా మొద్దక్కకు కడుపు నిండిపోయేది. పైకి మాత్రం ఫర్వాలేదు అనేది. ఆరేళ్లలో ఆ ఒక్క మాట తప్ప ఇంకో మాట అనలేదు.

ఒకరోజు బట్టలు ఆరేస్తూ కూతురు, వచ్చే నెల పిన్ని దగ్గరకు వెళ్లి కొవ్వొత్తుల పనిలో చేరతానంది. ఆ పిన్ని ఎవరేం చేసినా బంగారం అనే రకం.

"నాకీ పని రాదమ్మా," అంది. "వచ్చుంటే ఈపాటికి తెలిసేది."

"ఇంట్లో అనకూడదని నీకు తెలుసు కదే."

"తెలుసు. కానీ నువ్వు అనకూడదని ఫర్వాలేదంటున్నావో, నిజంగానే అంతంతమాత్రంగా ఉందని అంటున్నావో నాకెలా తెలుస్తుంది?"

మొద్దక్కకు ఈ పిల్ల వెళ్లిపోతుందన్న బాధ ఒకటి, చేతకానిదాన్ననుకుంటూ వెళ్లిపోతుందన్న బాధ ఇంకోటి. రెండోదే ఆవిడకు మింగుడు పడలేదు. మర్నాడు ఏ ఆయుధానికీ వినపడనంత దూరం, ఏటి ఒడ్డుకి కూతుర్ని తీసుకెళ్లింది. ముప్ఫై ఏళ్ల అలవాటు, నాలుక తిరగలేదు. గంటసేపు కూర్చుని, ఎండ ఎక్కువగా ఉంది పద అని తీసుకొచ్చేసింది. పోనీ చీటీ రాద్దామని కూర్చుంటే, చెయ్యి కూడా ఫర్వాలేదు దగ్గరే ఆగిపోయింది.

ప్రయాణానికి ముందురోజు, ఓ సేనాపతిగారి పాత ఖడ్గానికి నలభై రోజులు నిండాయి. మొద్దక్క ముట్టుకోకుండా మొత్తం కూతురే చూసుకున్న పని. అది ఒకప్పుడు ఒక్క వేటుతో నదిని రెండు పాయలు చేసిన ఖడ్గం. మొద్దక్క దాన్ని సబ్బు మీద ఆనించి బరువంతా వేసి నొక్కింది. గీత పడలేదు. తిప్పి నొక్కింది. సబ్బు నున్నగా అలాగే ఉంది. ఇంతటిదాన్ని ఇంతగా దించడం ఆవిడవల్ల ఏనాడూ కాలేదు.

ఎప్పటిలా ఫర్వాలేదు అనడానికి తలెత్తింది. కూతురు అప్పటికే అటు తిరిగి, పనిలో కట్టుకునే గుడ్డ విప్పి మడతపెడుతోంది. ఆ మాట వినడానికి కూడా ఆగలేదు.

"నా బతుకు మొత్తంలో ఇలాంటి పని నేను చెయ్యలేదే," అంది మొద్దక్క. "నాకంటే నువ్వే గొప్పదానివి. మొదటి ఏడాది నుంచే నాకు తెలుసు."

సబ్బు రెండైంది. సబ్బు కింద బల్ల రెండైంది. ఆపైన తూర్పు గోడ మొత్తం పెరట్లోకి ఒరిగిపోయింది. అవతల బట్టలు మడతపెట్టుకుంటున్న పక్కింటావిడ వీళ్లను నేరుగా చూసి ముక్కున వేలేసుకుంది. వాకిట్లో సున్నం కలుపుతున్న మొద్దక్క మొగుడు పరుగెత్తుకొచ్చి, ఇద్దరికీ ఏం కాలేదని చూసుకున్నాక, అలవాటుకొద్దీ గోడకి ఇటుకలు ఎన్ని పడతాయో లెక్కవేయడం మొదలుపెట్టాడు.

నలభై రోజుల కష్టం మంటగలిసిపోయింది. ఖడ్గం ధగధగా మెరుస్తోంది. కూతురు దాని వంక చూసి, గోడ వంక చూసి, తల్లి దగ్గరకొచ్చింది. కళ్లనిండా నీళ్లున్నాయి.

"దీన్ని మళ్లీ మొదట్నుంచీ నేనే దించుతాలే," అంది. "ఎలాగూ పాడైంది కదమ్మా. ఇంకోసారి అను."

మొద్దక్క కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆరేళ్ల కిందటి మొట్టమొదటి బాకు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఉత్తరపు గోడ కూలినా ఆపలేదు.