ముదురు నీలం మీద సున్నం

మా అత్త పోయింది. పోయిన నెల ఒక పొద్దున, బంగారుపాళ్యం నుంచి వచ్చిన తన చెల్లెలితో మాట్లాడుతూనే మంచం మీద ఒరిగిపోయింది. చూడవచ్చినవాళ్లంతా "కోడలు కూతురి మాదిరి చూసుకునింది" అన్నారు. నేను తల ఎత్తలేదు. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

పోయినేడు చిత్తూరులో మా ఇంటికి రంగులు వేయించాం. అంగడాయన షేడ్ కార్డు ముందు పెడితే అత్త మీగడ రంగు మీద వేలు పెట్టింది.

"నా గదికి ఇది ఏపిచ్చు అమ్మీ. తెల్లంగా ఉంటే యాడ ఏముండాదో కనపడతాది."

నా మనసేమో ముదురు నీలం మీద. "లేత రంగయితే నీ తలనూనె మరకలు పడతాయత్తా, ముదురైతే తెలీదు" అన్నాను, అంగడాయన ముందరే. అత్త వేలు వెనక్కి తీసుకుంది.

"నీ ఇష్టమే కానీలే. రంగుదేముంది, గోడ నిలబడితే సాలు."

అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు. కూర చప్పగా ఉంటే గిన్నె తోసి "దీనికి ఉప్పు సూపించినావా?" అనేది. నాకు జ్వరమొస్తే మాత్రం మిరియాల రసం తాగేదాకా పక్కనుంచి కదిలేది కాదు.

రంగు ఆరిన వారానికే నీలం గోడ మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. ఆకువక్క వేసుకునేవాళ్లు వేలికి మిగిలిన సున్నం గోడకు రాస్తారు కదా, నాకు ఒళ్లు మండింది.

"డాక్టరు మానేయమన్నా చాటుగా వేసుకుంటున్నావా?"

"ఏమి సేసేదమ్మీ, అలవాటు" అని నవ్వింది.

తడిగుడ్డతో తుడిచేదాన్ని. రెండు రోజులకు మళ్లీ అక్కడే చుక్కలు. ఒకసారి "బుద్ధి లేదా నీకు" అని కూడా అన్నాను. అత్తనే, ఆ మాట!

కర్మలయ్యాక గది సర్దితే సున్నం డబ్బీ దొరికింది. ఆకు లేదు, వక్క లేదు. అత్త చెల్లెల్ని అడిగాను.

"ఆకు మానేసి ఏడాదయిందే. కండ్లకు పొర కమ్మింది. నల్ల గోడలో దోవ తెలీక సున్నంతో గుర్తులు పెట్టుకునింది. నీకు సెప్పద్దనింది. సెప్తే మళ్లీ రంగు మారుస్తాది, పాపం ఇష్టపడి ఏపించుకునింది అనింది."

కిటికీ మూసి చూశాను. మంచం తల దగ్గర ఒక చుక్క. బీరువా మూల ఒకటి. స్విచ్చి కింద ఒకటి. బాత్రూం తలుపు పక్కన మాత్రం లేదు. ఆమె పోయే ముందురోజు సాయంత్రం దాన్ని నేనే తుడిచాను. అక్కడ నా తడిగుడ్డ చార ఇంకా ఉంది.